బొమ్మ ముఖంలో కళ తప్పుతోందా?

ప్రశ్న: కంప్యూటర్‌లో బొమ్మలు వేస్తాను. ముఖాన్ని ముందు నలుపు తెలుపుల్లో షేడింగ్ చేసుకుని, పైన ఇంకో లేయర్ (పొర) పెట్టి, దాన్ని కలర్ మోడ్‌లో ఉంచి చామనఛాయ వేస్తున్నాను. పోలికలు బాగానే కుదురుతున్నాయి కానీ చర్మం బూడిద రాసినట్టు ఉంటోంది. తేడా ఎక్కడ?

జవాబు: కలర్ మోడ్ వెలుగునీడల్ని కింది లేయర్ నుంచి తీసుకుంటుంది, మీరు వేసిన రంగు నుంచి వర్ణం (హ్యూ), గాఢత (శాచురేషన్) మాత్రమే తీసుకుంటుంది. ఒకే గోధుమరంగు పరిచేస్తే వెలుగులోనూ నీడలోనూ అదే వర్ణం. నిజం చర్మం అలా ఉండదు. చెంప మీద వెలుగు ఆగి నీడ మొదలయ్యే అంచును గమనించండి, సన్నటి ఎర్రజీర కనిపిస్తుంది. చర్మంలోకి దూరిన వెలుతురు లోపల చెదిరి, రక్తపు ఎరుపు పట్టుకుని బయటికి వస్తుంది కనక.

కలర్ మోడ్ బదులు గ్రేడియంట్ మ్యాప్ వాడి చూడండి, అది బొమ్మలోని ఒక్కో వెలుగు స్థాయికి మీరిచ్చిన ఒక్కో రంగు వేస్తుంది. మూడు రంగులు చాలు. నీడకి వర్ణం 350 (360కి), గాఢత 48, వెలుగు 28 (ఇవి 100కి). మధ్యకి 12, 62, 55. వెలుగుకి 28, 35, 88. మధ్య రంగుకే గాఢత ఎక్కువ, కిటుకంతా అదే. వీటిని గ్రేడియంట్ పట్టీ మీద 15, 45, 85 శాతాల దగ్గర పెట్టి, లేయర్ ఒపాసిటీ (రంగు ఎంత దట్టంగా కనిపించాలో చెప్పేది) 70 శాతానికి తగ్గించండి. ఫోటోషాప్, క్రిటా, క్లిప్ స్టూడియోల్లో ఇది విడి లేయర్‌గా ఉంటుంది. ప్రోక్రియేట్‌లో నేరుగా బొమ్మకే పడుతుంది, ముందే ఒక కాపీ తీసి పెట్టుకోండి. మ్యాప్‌కి జుట్టు, కళ్ళు, చర్మం అన్న తేడా తెలియదు. వెలుగు ఎంతుందో అదే చూస్తుంది. అందుకని అది చర్మం మీద మాత్రమే పడేలా మాస్క్ (మిగతా చోట్లని కప్పే ముసుగు) తప్పనిసరి.

ఆపైన సాఫ్ట్ లైట్ (కింది రంగును మెత్తగా మార్చే మోడ్) లేయర్‌లో ముక్కు కొన, చెంపలు, చెవులకి ఎరుపు, 20 శాతం మించకుండా. గడ్డం గీసుకున్న ముఖమైతే దవడకి కాస్త నీలిపచ్చ. చివరగా నార్మల్ లేయర్‌లో, బొమ్మ మీది రంగుల్నే తీసుకుంటూ కనీసం కళ్ళు, ముక్కు, పెదవులైనా మళ్ళీ దిద్దాలి. ఇది బద్ధకించారో, బొమ్మ రంగులద్దిన పాత ఫోటోలా మిగిలిపోతుంది.

ప్రశ్న: మల్టిప్లైలో (కింది రంగును ముదురు చేసే లేయర్ మోడ్) నీలం నీడలు వేస్తే గోధుమ చర్మం కమిలినట్టు కనిపిస్తోంది.

జవాబు: మల్టిప్లై రెండు రంగుల ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల్ని (ఒక్కోటి 0 నుంచి 255 దాకా) విడివిడిగా గుణించి 255తో భాగిస్తుంది. చర్మం 200, 150, 115 అనుకోండి. దాని మీద 150, 150, 220 నీలం పడితే 118, 88, 99 వస్తుంది. ఎరుపు పడిపోయింది, నీలం ఆకుపచ్చని దాటింది. కమిలిన రంగు అదే. బదులుగా 190, 130, 150 వేయండి. 149, 76, 68 వస్తుంది, నీడలో కూడా వెచ్చదనం నిలుస్తుంది. నీడ చాలకపోతే మల్టిప్లై మీద మల్టిప్లై వేయకండి, అదే లేయర్ రంగును ముదురు చేయండి.

ప్రశ్న: రాత్రి వేసిన బొమ్మలు పొద్దున్న చూస్తే నీలంగా ఉంటున్నాయి.

జవాబు: స్క్రీన్‌లో నైట్ లైట్ (రాత్రిపూట తెరని పసుపుగా మార్చే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడండి. ఆ పసుపును సరిచేయబోయి మీకు తెలియకుండానే నీలం కలుపుతుంటారు. రంగులు వేసేటప్పుడు దాన్ని ఆపేయండి.