ముందు రెండు ఎయిర్‌బ్యాగ్‌లు ఉంటే చాలదా?

ముందు రెండు ఎయిర్‌బ్యాగ్‌లున్న కారు సరిపోతుందా, పక్కవాటి కోసం పై వేరియంట్‌కు వెళ్లాలా అని మీరు అడిగారు. తప్పకుండా వెళ్లండి, డబ్బు చాలకపోతే సన్‌రూఫ్‌ను, పెద్ద తెరను వదులుకోండి.

నాలుగేళ్ల క్రితం పచ్చ లైటు పడ్డాక నేను కూడలిలోకి కదిలిన రెండో క్షణంలోనే, అడ్డంగా వచ్చిన కారు ఒకటి మా ఆవిడ కూర్చున్న వైపు తలుపును గుద్దింది. తేరుకొని చూసేసరికి కిటికీని పూర్తిగా కప్పేస్తూ తెల్లటి తెర వేలాడుతోంది. ఆమె ఒడి నిండా గాజు పలుకులు. తలుపుకు ఉండే మోచేతి దిమ్మ సీటు అంచు మీదికి వచ్చి కూర్చుంది. ఎదురుగా ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను మింగడానికి బానెట్ కింద అర మీటరుకు పైగా చోటు ఉంటుంది కానీ, పక్కన మనిషికీ తలుపుకూ మధ్య ఉండేది జానెడే. తలుపులోని ఉక్కు దూలం, రెండు తలుపుల నడుమ ఉండే బి-పిల్లర్ గట్టిగా నిలబడాలి, సుమారు 20 మిల్లీసెకన్లలోపే ఎయిర్‌బ్యాగ్ నిండాలి. ఆ దెబ్బకు ముందరి రెండూ మాకు ఎందుకూ కొరగాలేదు.

అమెరికాలో కార్ల భద్రతను పరీక్షించే ఐఐహెచ్ఎస్ సంస్థ లెక్కల ప్రకారం, డ్రైవర్ వైపు గుద్దుకున్నప్పుడు తలను కూడా కాపాడే పక్క ఎయిర్‌బ్యాగ్‌లు డ్రైవర్ మరణించే ముప్పును కార్లలో 37 శాతం, ఎస్‌యూవీల్లో 52 శాతం తగ్గించాయి. ఛాతీని మాత్రమే కాపాడేవి కార్లలో 26 శాతమే తగ్గించాయి. అందువల్ల షోరూములో ఎయిర్‌బ్యాగ్‌ల సంఖ్య విని ఊరుకోకుండా, కిటికీ పొడవునా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ వెనుక సీటు దాకా ఉందో లేదో అడగండి.

విచిత్రం ఏమిటంటే, మా ఆవిడ కణత మీద పడిన నాలుగు కుట్లకు కారణం ఎదుటి కారు కాదు, నా తల. దెబ్బ అవతలి వైపు తగిలితే బెల్టు నడుమును పట్టి ఉంచుతుంది గానీ భుజం అందులోంచి జారిపోతుంది, మనిషి పక్కవారి మీదికి ఒరిగిపోతాడు. రెండు సీట్ల మధ్య తెరుచుకునే సెంటర్ ఎయిర్‌బ్యాగ్ ఇందుకోసమే వచ్చింది. ఐరోపాలో కార్లను ఢీకొట్టించి చూసి స్టార్ రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ 2020 నుంచి ఈ అవతలి వైపు దెబ్బకు కూడా మార్కులు వేస్తోంది. స్టార్ రేటింగ్ చూపించి అమ్మేవారు అది ఏ ఏడాది పరీక్షో మాత్రం చెప్పరు. ఐఐహెచ్ఎస్ తొలి పక్క పరీక్షలో 1,500 కిలోల బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దేది. 2021లో తెచ్చిన కొత్త పరీక్షలో 1,900 కిలోలది 60 కిలోమీటర్ల వేగంతో గుద్దుతుంది. పాత పరీక్షలో నెగ్గిన కారు కొత్తదానిలోనూ నెగ్గుతుందని ఎలా నమ్మాలి?

ఇక సీటు కవర్ల సంగతి చెప్పకుండా ఉండలేను. ఛాతీ పక్కన తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ సీటు అంచులోనే ఉంటుంది, దాని కుట్టు చీలి బయటికి రావాలి. నేను మోజుపడి దాని మీద మందపాటి తోలు కవరు బిగుతుగా వేయించాను. ఆమెకు విరిగిన రెండు పక్కటెముకలూ ఆ కవరు పుణ్యమేనని నా గట్టి నమ్మకం. డాక్టరు ఆ మాట అనలేదు, నాకు ఆయన అననక్కరలేదు. ఇప్పటి కారులో సీటు పక్కన ‘ఎయిర్‌బ్యాగ్’ అని కుట్టిన చిన్న చీటీ ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. సీట్లు మాసిపోయాయి, టీ మరకలు కూడా పడ్డాయి, అయినా కవర్లు వేయించే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.