భయపెట్టే టెక్ వార్తలు, మనం పట్టించుకోని టెక్ వార్తలు

అమెరికాకి కొత్తగా వచ్చిన మన తెలుగు ఇంజనీర్లు నన్ను అడిగే సందేహాలు చాలావరకు ఆ రోజు ఫోన్లో చూసిన ఏదో ఒక వార్తతో మొదలవుతాయి. "అన్నా, ఏఐ వచ్చాక మన కోడింగ్ ఉద్యోగాలు ఉంటాయా?" "ఆ కంపెనీలో పదివేల మందిని తీసేశారట, మా దగ్గర కూడా మొదలవుతుందా?" "హెచ్-1బీ వర్క్ వీసా ఎత్తేస్తారట, నిజమేనా?" నాకు తెలిసినంతలో వీటికి జవాబు చెప్తాను. కానీ వాళ్ళు అడగని ప్రశ్నలే నన్ను ఎక్కువ కలవరపెడతాయి. రోజంతా ఎదురుగా పెట్టుకుని కూర్చునే ఆఫీసు ల్యాప్‌టాప్ గురించి, దాని మీద ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్న దాని గురించి ఎవరూ అడగరు. ఈ మధ్య మన ఉద్యోగాలను నిజంగా మార్చిన వార్తలు చాలావరకు ఆ ల్యాప్‌టాప్ చుట్టూ తిరిగినవే.

అందులో మొదటిది ఉత్తర కొరియా వార్త. దానికీ మనకీ ఏం సంబంధం అనిపిస్తుంది. 2025 జూలైలో ఆరిజోనాకి చెందిన ఒక మహిళకి అమెరికా కోర్టు ఎనిమిదిన్నరేళ్ళ జైలుశిక్ష వేసింది. ఉత్తర కొరియా ఐటీ ఉద్యోగులు అమెరికన్ల పేర్లు, వివరాలు దొంగిలించి, వాటితో 300కి పైగా కంపెనీల్లో రిమోట్ ఉద్యోగాలు సంపాదించారు. కంపెనీలు పంపిన ల్యాప్‌టాప్‌లు ఆమె ఇంటికి చేరేవి. ఆమె వాటిని ఆన్ చేసి పెడితే, వాళ్ళు ఎక్కడో దూరం నుంచి లాగిన్ అయి పనిచేసేవాళ్ళు. ఇలా 1.7 కోట్ల డాలర్లకు పైగా చేతులు మారింది. దీనికి ఏడాది ముందు, 2024 జూలైలో, నోబిఫోర్ అనే కంపెనీ తాము కూడా అలాంటి నకిలీ ఉద్యోగిని తీసుకున్నామని స్వయంగా బయటపెట్టింది. ఇతర కంపెనీల ఉద్యోగులకు సెక్యూరిటీ శిక్షణ ఇచ్చే కంపెనీ అది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనవాళ్ళలో ఏళ్ళ తరబడి "జాబ్ సపోర్ట్" అనే వ్యవహారం నడుస్తోంది. తమకి లేని ఏడెనిమిదేళ్ళ అనుభవం రెజ్యూమెలో రాయించుకుని, క్లయింట్ దగ్గర చేరాక పని రాక, హైదరాబాద్‌లో ఒకరికి నెలకింత అని ఇచ్చి రాత్రిపూట తన స్క్రీన్ అప్పగించడం. ఉత్తర కొరియా వాళ్ళు చేసినదానికీ దీనికీ ఉద్దేశంలో తేడా ఉండొచ్చు. కంపెనీ సెక్యూరిటీ టీమ్ కంప్యూటర్లో చూసేది మాత్రం రెంటిలోనూ ఒకటే: ల్యాప్‌టాప్ ఉన్నది న్యూజెర్సీలో, దాన్ని నడిపిస్తున్నది వేరే దేశం నుంచి. రిమోట్ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఏదైనా నడుస్తోందా, యూఎస్‌బీకి స్క్రీన్‌ని బయటికి పంపే పరికరం తగిలించారా, లాగిన్ ఏ ఐపీ అడ్రస్ నుంచి వస్తోంది, మధ్యలో తెలియని వీపీఎన్ (అసలు చోటు కనబడకుండా చేసే కనెక్షన్) ఉందా అని వెతికే టూల్స్ ఇప్పుడు మామూలైపోయాయి. వాటికి మీ ఊరు, మీ అప్పు, మీ ఇబ్బంది తెలియవు. అలారం మోగుతుంది, అంతే.

నేను మా టీమ్ కోసం ఇంటర్వ్యూలు చేస్తుంటాను. అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను. జాబ్ సపోర్ట్‌లో మీరు అప్పగిస్తున్నది మీ స్క్రీన్ ఒక్కటే కాదు. ఆ స్క్రీన్ వెనుక ఒక ఆసుపత్రి పేషెంట్ల వివరాలో, ఒక బ్యాంకు ఖాతాదారుల లెక్కలో ఉంటాయి. వాటిని అనుమతి లేని మనిషికి చూపించారని తేలితే ఉద్యోగం పోవడంతో ఆగకపోవచ్చు. కోర్టు దాకా వెళ్ళొచ్చు, వీసా చిక్కుల్లో పడొచ్చు. దాని ఫలితం మీ తర్వాత వచ్చే తెలుగు కుర్రాడి మీద కూడా పడుతుంది. అతని రెజ్యూమె నిజమైనదే అయినా, ఇంటర్వ్యూలో అతన్ని అనుమానంగా చూస్తారు. మన ఊళ్ళ నుంచి నిజాయితీగా చదువుకుని వచ్చిన పిల్లలకి ఇది జరుగుతుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇప్పటికే అందులో ఉన్నవాళ్ళు ఏం చేయాలి? ఆఫీసు స్క్రీన్ అప్పగించడం ఈ రోజే ఆపేయండి. అదే డబ్బు పెట్టి, అదే మనిషి దగ్గర, మీ సొంత ల్యాప్‌టాప్ మీద, మీరు తయారు చేసుకున్న చిన్న ప్రాజెక్టు మీద పాఠం చెప్పించుకోండి. క్లయింట్ కోడ్, క్లయింట్ డేటా అందులోకి రాకూడదు. పనిలో మేనేజర్‌తో "ఈ టూల్ నాకు కొత్త, మొదటి పని పూర్తిచేయడానికి ఇంకో వారం పడుతుంది" అని సూటిగా చెప్పండి. ఇక్కడ ఆ మాట చెప్పడం తప్పు కాదు. ఏమీ చెప్పకుండా వారం తర్వాత ఖాళీ చేతులతో స్టాండప్‌కి (టీమ్ రోజూ కలిసే చిన్న మీటింగ్‌కి) రావడమే మేనేజర్‌కి నచ్చదు.

దీనికి దగ్గరలోనే ఇంకో వార్త ఉంది. 2024లో వెల్స్ ఫార్గో బ్యాంకు డజనుకి పైగా ఉద్యోగులను తీసేసింది. కీబోర్డు దగ్గర మనిషి లేకపోయినా ఉన్నట్టు నటించే పద్ధతులు వాడారన్నది కారణం. మౌస్ దానంతటదే కదిలేలా చేసే పరికరాలు ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతాయి. కొనకండి. ఇండియా వెళ్ళినప్పుడు చెప్పకుండా అక్కడి నుంచి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవడం కూడా చేయొద్దు. చాలా కంపెనీల్లో వేరే దేశం నుంచి వచ్చే లాగిన్ తనంతట తానే ఆగిపోతుంది, పైగా సెక్యూరిటీకి కబురు వెళ్తుంది. ముందే అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. కాకపోతే ఆ అనుమతి ఈ-మెయిల్‌లో ఉండాలి.

ఇక ఏఐ సంగతి. 2016లో జెఫ్రీ హింటన్ అంతటి ఏఐ శాస్త్రవేత్త, రేడియాలజిస్టులకి (ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి జబ్బు చెప్పే డాక్టర్లకి) శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలి, ఐదేళ్ళలో యంత్రాలు వాళ్ళకన్నా బాగా చేస్తాయి అన్నారు. పదేళ్ళు కావస్తున్నా ఆసుపత్రులు రేడియాలజిస్టుల కోసం వెతుకుతూనే ఉన్నాయి. అంత పెద్దాయన అంచనాయే తప్పినప్పుడు, యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద "సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఖతం" అని రాసినవాళ్ళ మాట విని నిద్ర పాడుచేసుకోవద్దు. అలాగని ఏమీ మారలేదని నేను అనను. మారింది. కోడ్ టైప్ చేయడానికి విలువ తగ్గింది. చదివి, అర్థం చేసుకుని, ఎక్కడ తేడా కొడుతుందో పట్టుకోగల మనిషికి పెరిగింది. 2025 జూలైలో మీటర్ అనే పరిశోధన సంస్థ, తాము పనిచేసే ప్రాజెక్టు కోడ్ బాగా తెలిసిన 16 మంది ఓపెన్ సోర్స్ (కోడ్‌ని అందరికీ బహిరంగంగా ఉంచే) డెవలపర్లతో ఒక ప్రయోగం చేసింది. ఏఐ టూల్స్ వాడినప్పుడు వాళ్ళకి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్ళు మాత్రం 20 శాతం తొందరగా చేశామనుకున్నారు. చిన్న ప్రయోగమే, టూల్స్ కూడా రోజురోజుకీ మారుతున్నాయి. అయినా మన పని వేగాన్ని మనమే తప్పుగా అంచనా వేసుకుంటాం అన్న విషయం నాకు అందులో విలువైనదిగా అనిపించింది. కొత్తవాళ్ళు టూల్ వాడండి, తప్పకుండా వాడండి. కోడ్ రివ్యూలో (తోటి ఇంజనీర్లు మీ కోడ్ పరిశీలించేటప్పుడు) "ఈ లైన్ ఎందుకు?" అని అడిగితే "ఏఐ ఇచ్చింది" అన్న జవాబు మాత్రం మీ నోట రాకూడదు.

ఏఐలో నేను మీకు శ్రద్ధగా చదవమనే వార్త వేరే ఉంది. 2023లో శామ్‌సంగ్ ఇంజనీర్లు కొందరు కంపెనీ సోర్స్ కోడ్‌ని చాట్‌జీపీటీలో పేస్ట్ చేశారు. ఆ తర్వాత మే నెలలో ఆ కంపెనీ అలాంటి టూల్స్‌ని తన కంప్యూటర్లలో నిషేధించింది. ఏ టూల్ వాడొచ్చు, ఏది వాడకూడదు అని ఇప్పుడు చాలా కంపెనీలు జాబితాలు పెడుతున్నాయి. చేరిన మొదటి వారంలోనే ఆ జాబితా అడగండి. కంపెనీ కొన్న ఖాతాలో అడగడం వేరు, మీ సొంత ఖాతాలో క్లయింట్ ఎర్రర్ లాగ్ (సిస్టమ్‌లో వచ్చిన తప్పుల రికార్డు) పేస్ట్ చేయడం వేరు. లాగ్‌లో పాస్‌వర్డులు, కస్టమర్ పేర్లు ఉండొచ్చని చాలామందికి తట్టదు. కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేసేవాళ్ళకి రెండు కంపెనీల నియమాలూ వర్తిస్తాయి. రెంటిలో ఏది గట్టిదో దాన్నే పాటించండి.

ల్యాప్‌టాప్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మీ సొంత యాప్ ఐడియా ఏదైనా ఉంటే ఆఫీసు మెషీన్ మీద ఒక్క లైన్ కూడా రాయకండి. కాలిఫోర్నియాలో ఉద్యోగి సొంత సమయంలో చేసిన ఆవిష్కరణకి చట్టం రక్షణ ఇస్తుంది, కానీ కంపెనీ పరికరాలు వాడకూడదు, ఆ పని కంపెనీ వ్యాపారానికి సంబంధించినది కాకూడదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఆ యాప్ మీద డబ్బు సంపాదించాలనుకుంటే ముందు లాయర్‌ని కలవండి.

ఇంకో రకం వార్తలున్నాయి. వాటిని నేను పండగ పేపర్లా చదువుతాను. పెద్ద సిస్టమ్ పడిపోయాక కంపెనీలు రాసే నివేదికలు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి, విమానాలు నిలిచిపోయాయి. ఆ అప్‌డేట్ బయట ఉన్నది 78 నిమిషాలే. అందరికీ ఒకేసారి పంపకుండా కొద్దికొద్దిగా పంపి ఉంటే నష్టం ఎంత తగ్గేదో ఆలోచించండి. మీ ఆఫీసులో చేసే ప్రతి డిప్లాయ్‌మెంట్‌కీ (కొత్త కోడ్‌ని వాడకంలోకి పంపడానికీ) ఆ ప్రశ్న వర్తిస్తుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ మీదే డిలీట్ కమాండ్ ఇచ్చారు. సుమారు ఆరు గంటల డేటా పోయింది. ఉన్నాయనుకున్న బ్యాకప్‌లు చాలావరకు పనిచేయలేదు. ఆ కంపెనీ జరిగిందంతా బహిరంగంగా రాసింది. ఆ ఇంజనీర్‌ని బలిపశువు చేయకుండా, బ్యాకప్‌లు ఎందుకు పనిచేయలేదో వెతికింది.

మనవాళ్ళు తెలుసుకోవలసింది ఇక్కడే ఉంది. ప్రొడక్షన్‌లో (కస్టమర్లు వాడుతున్న అసలు సిస్టమ్‌లో) ఏదైనా పాడైతే మన దగ్గర మొదటి ఆలోచన "సార్‌కి తెలిసేలోపు సరిచేసేద్దాం." చిన్నప్పటి నుంచి బడిలో, కాలేజీలో తప్పు ఒప్పుకున్నవాడికే దెబ్బలు పడ్డాయి కాబట్టి ఆ భయం సహజం. ఇక్కడి మంచి టీమ్‌లలో లెక్క వేరు. తప్పు చేసిన వెంటనే టీమ్ చాట్ చానెల్‌లో "నేను ఫలానా కమాండ్ ఇచ్చాను, ఫలానా సర్వీస్ ఆగింది, సాయం కావాలి" అని రాసినవాళ్ళ మీద నమ్మకం పెరుగుతుంది. దాచింది లాగ్స్‌లో ఎలాగూ కనబడుతుంది. కానీ అన్ని టీమ్‌లూ మంచివి కావు. తప్పు చెప్పినవాణ్ణే పట్టుకుని తిట్టే చోట మీరుంటే, వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టడానికి అదొక్కటే చాలిన కారణం.

లే ఆఫ్‌ల గురించి. 2022 నవంబర్‌లో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. గూగుల్‌లో చాలామందికి ఆ కబురు ఈ-మెయిల్‌లో వచ్చింది, అప్పటికే వాళ్ళ ఆఫీసు ఖాతాలు మూతపడ్డాయి. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ ఆ రోజు మీ ఐ-797 (పిటిషన్ ఆమోద నోటీసు), పే స్లిప్పులు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్నుల పత్రాలు), ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) రసీదు నంబరు ఆఫీసు మెయిల్‌లోనే ఉండిపోతే ఇబ్బంది మీదే. వాటిని ఇప్పుడే హెచ్‌ఆర్‌ని అడిగి మీ సొంత చోట దాచుకోండి. ఆ హడావిడిలో కోడ్ మాత్రం సొంత మెయిల్‌కి పంపుకోకండి. అది వేరే కేసు అవుతుంది.

హెచ్-1బీ మీద ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు, లేదా మీ ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) గడువు, ఏది ముందైతే అంతవరకు ఉండొచ్చు. సాధారణంగా జీతం లెక్కకట్టిన ఆఖరి రోజు నుంచి ఆ 60 రోజులు లెక్కిస్తారు. సెవరెన్స్ డబ్బు (తీసేసినప్పుడు ఇచ్చే పరిహారం) ఇచ్చినంత మాత్రాన గడువు పెరగదు. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేస్తే, ఆమోదం దాకా ఆగకుండానే అక్కడ చేరొచ్చు. ఐ-140 ఒకసారి ఆమోదమైతే, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా సాధారణంగా మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో మీ వంతుని నిర్ణయించే తేదీ) పోదు. ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీద ఉద్యోగం చేసే అనుమతి) మీద ఉన్నవాళ్ళకి లెక్క వేరు: మొత్తం కలిపి 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు, సైన్స్, ఇంజనీరింగ్ లాంటివి చదివినవాళ్ళకి ఇచ్చే స్టెమ్ పొడిగింపు వచ్చాక ఇంకో 60 కలుస్తాయి.

వీసా వార్తలు ఎలా చదవాలో 2025 సెప్టెంబర్ 19 మనందరికీ చూపించింది. శుక్రవారం ప్రకటన వచ్చింది, కొత్త హెచ్-1బీలకు లక్ష డాలర్ల ఫీజు అని. ఏటా కట్టాలని మొదట ఒక మంత్రే అన్నారు. ఇండియాలో పెళ్ళికి వెళ్ళినవాళ్ళు, సెలవుకి వెళ్ళినవాళ్ళు దొరికిన టికెట్ దొరికిన ధరకి కొన్నారు. శనివారం వైట్ హౌస్ వివరణ ఇచ్చింది: ఇది ఒక్కసారి కట్టేది, కొత్త పిటిషన్లకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదు. ఆ ఒక్క రోజులో మనవాళ్ళు పడ్డ టెన్షన్ నేను దగ్గరగా చూశాను. ఇలాంటిది మళ్ళీ వస్తే వాట్సాప్ ఫార్వర్డ్ పక్కన పెట్టి అసలు ప్రకటన చదవండి. ఎప్పటి నుంచి, ఎవరికి, దేశం లోపల ఉన్నవాళ్ళకా బయట ఉన్నవాళ్ళకా అన్న మూడు సంగతులు అందులో వెతకండి. తర్వాత మీ కంపెనీ లాయర్‌కి రాయండి. టికెట్ సంగతి ఆ జవాబు వచ్చాక చూడొచ్చు.

ఇంటి దగ్గర అమ్మానాన్నలు టీవీలో ఇవే వార్తలు చూస్తుంటారు. చదువు కోసం చేసిన అప్పు వాళ్ళ పేరు మీదో, ఇంటి పత్రాల మీదో ఉంటుంది. వార్త వచ్చాక సర్దిచెప్పడం కష్టం. మామూలు ఆదివారం ఫోన్ చేసినప్పుడే మీ వీసా ఎప్పటిదాకా ఉందో, ఉద్యోగం పోతే ఎన్ని రోజులు సమయం ఉంటుందో, ఎన్ని నెలల ఖర్చుకి డబ్బు పక్కన పెట్టారో చెప్పండి. నాన్నగారు ఆ తేదీలు ఒక కాగితం మీద రాసుకుంటానంటే రాసుకోనివ్వండి.