వీపీ9 కొనాలనుకుంటున్న అల్లుడికి

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ అందింది. షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చిన పిస్టళ్ళలో జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కాక్ వాళ్ళ వీపీ9 నీ చేతికి బాగా కుదిరిందని రాశావు. కౌంటర్ దగ్గరి మనిషి మాత్రం "అందరూ గ్లాకే కొంటారు, మీరూ అదే తీసుకోండి" అన్నాడట. అంత మంచిదైతే ఇంత తక్కువమంది దగ్గర ఎందుకుంది, నాకు కనపడని లోపం ఏమైనా ఉందా అని అడిగావు. భయపడాల్సిన లోపమేమీ లేదు. జనం దాన్ని ఎక్కువగా కొనకపోవడానికి కారణాలు మాత్రం ఉన్నాయి. వాటిలో కొన్ని నీ జేబుకి తగిలేవే. అవి తెలుసుకుని కొంటే తర్వాత విసుక్కోవు.

అసలు విషయానికి ముందు ఒక్క మాట. నీకు గ్రీన్ కార్డు వచ్చింది కాబట్టి పిస్టల్ కొనడానికి ఫెడరల్ చట్టం అడ్డురాదు. షాపులో ఫారం 4473, అంటే తుపాకీ కొనేవాళ్ళు నింపాల్సిన ఫెడరల్ ఫారం, నింపేటప్పుడు ప్రతి ప్రశ్నా చదివి నిజం రాయి. నీ రూమ్మేట్లలో ఇంకా హెచ్1బీ మీద ఉన్నవాళ్ళున్నారు. వాళ్ళకి తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉండటమే ఆ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకి ఇచ్చినట్టు కొన్ని మినహాయింపులు తప్ప. అందుకని నీ పిస్టల్ వాళ్ళకి అందేచోట పెట్టకు, సరదాకి కూడా చేతికివ్వకు. తాళం పడే సేఫ్ లేకుండా తుపాకీ ఇంటికి తేవద్దు.

ఇక వీపీ9 సంగతి. 2014లో అది అమెరికా మార్కెట్లోకి వచ్చేనాటికి స్ట్రైకర్ పిస్టళ్ళ (బయట హ్యామర్ లేకుండా, లోపలి స్ప్రింగు సూదే తూటాని పేల్చేవి) ట్రిగ్గర్ అంటే సాగినట్టు, మెత్తగా ఉంటుందని చాలామందిమి సర్దుకుపోయాం. దీనిది వేరు. ట్రిగ్గర్ కొంచెం ఖాళీగా కదులుతుంది, ఒకచోట గోడకి ఆనినట్టు ఆగుతుంది, అక్కడ ఇంకాస్త ఒత్తితే సాగకుండా టక్కున విడుస్తుంది. వేలు కొద్దిగా వదిలితే చాలు, మళ్ళీ సిద్ధం. పట్టు సంగతి నువ్వే రాశావు. వెనక పలక మూడు సైజులు, కుడి ఎడమ పలకలు ఒక్కొక్కటి మూడేసి సైజులు, మొత్తం 27 రకాలుగా అమర్చుకోవచ్చు. చాలా పిస్టళ్ళలో వెనక పలక ఒక్కటే మారుతుంది. అరచెయ్యి వెడల్పుగా ఉండి వేళ్ళు పొట్టిగా ఉన్నవాళ్ళకి ఆ పక్క పలకలు చేసే మేలు అంతా ఇంతా కాదు. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) విడిచే లివరూ, మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల పెట్టె) విడిచే మీటా రెండూ రెండువైపులా ఉంటాయి కాబట్టి ఎడమచేతి వాటం వాళ్ళకీ ఇబ్బంది లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది దాన్ని విప్పే పద్ధతి. మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి ఆపి, ఛాంబర్‌లోకి, అంటే పేలే తూటా కూర్చునే చోటులోకి చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, ఎడమవైపు లివర్ తిప్పి, స్లైడ్ ముందుకు వదిలితే ఊడి చేతికొస్తుంది. ట్రిగ్గర్ ముట్టుకోనక్కర్లేదు. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కి తీరాలి. ఖాళీ చేశామనుకుని, ఛాంబర్‌లో తూటా ఉండగా నొక్కినవాళ్ళు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు. వీపీ9లో స్ట్రైకర్ సిద్ధంగా ఉంటే స్లైడ్ వెనకభాగంలో చిన్న రంధ్రంలోంచి ఎర్రగా కనిపిస్తుంది కూడా. అయినా ఆ ఎర్ర గుర్తుని నమ్ముకుని ఛాంబర్ చూడటం మానకు.

పనితనం మీద అనుమానముంటే ఇది విను. యూరప్‌లో ఇదే పిస్టల్‌ని ఎస్‌ఎఫ్‌పీ9 అని అమ్ముతారు. బవేరియా, బెర్లిన్ పోలీసుల నడుముల మీద ఉండేది అదే. జపాన్ సైన్యం కొత్త పిస్టల్ కోసం గ్లాక్ 17, బెరెట్టా ఏపీఎక్స్‌లతో పాటు దీన్నీ పరీక్షించి, 2019లో దీన్నే ఎంచుకుంది. అలాంటి వాళ్ళు పనికిరాని సరుకు కొనరు.

మరి అమెరికాలో ఎందుకు వెనకబడింది? నా దృష్టిలో అసలు కారణం ఆలస్యం. చిత్రమేమిటంటే, ప్లాస్టిక్ ఫ్రేమూ స్ట్రైకరూ కలిపి పిస్టల్ చెయ్యడంలో ముందున్నది ఈ కంపెనీయే. 1970లోనే వీపీ70 తెచ్చారు. మ్యాగజైన్‌లో 18 తూటాలు పట్టేవి. గ్లాక్ 17ని ఆస్ట్రియా సైన్యం తీసుకున్నది 1982లో, అంటే పన్నెండేళ్ళ తర్వాత. కానీ వీపీ70 ట్రిగ్గర్ మహా బరువు, కాల్చినవాళ్ళకి నచ్చలేదు. కంపెనీ ఆ దారి వదిలేసి యూఎస్‌పీ, పీ2000, పీ30 అంటూ హ్యామర్ (వెనక నుంచి కొట్టే సుత్తి) ఉన్న పిస్టళ్ళ మీదే ఎక్కువగా దశాబ్దాలు గడిపింది. మళ్ళీ ప్లాస్టిక్ ఫ్రేమున్న స్ట్రైకర్ దగ్గరికి వచ్చేసరికి 2014.

ఆ మధ్యకాలంలో గ్లాక్ చేసిన పని చూడు. 1980ల మధ్యలో జార్జియాలోని స్మర్నాలో మకాం పెట్టింది. 1986 ఏప్రిల్లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయాక, ఆరు తూటాల రివాల్వర్లతో ఇక లాభం లేదని చాలా పోలీసు శాఖలు ఆలోచనలో పడ్డాయి. సరిగ్గా అప్పుడు గ్లాక్ మనుషులు వెళ్ళి, మీ పాత రివాల్వర్లు మాకిచ్చి మా పిస్టళ్ళు తీసుకోండి అన్నారు. బడ్జెట్ లేని శాఖలకి అంతకంటే ఏం కావాలి? పోలీసు కొన్నాక అతని తమ్ముడు కొన్నాడు, శిక్షణ ఇచ్చేవాళ్ళు దానిమీదే పాఠాలు చెప్పారు, హోల్‌స్టర్ (నడుముకి పెట్టుకునే పిస్టల్ ఒర) చేసేవాళ్ళు ముందు దానికే అచ్చు పోశారు. 1991 నుంచి గ్లాక్ ఉన్నవాళ్ళకి వేరే పోటీలే నడుపుతున్నారు. ఇలా ముప్ఫై ఏళ్ళు పేరుకున్నదాన్ని ఒక మంచి ట్రిగ్గర్ కదిలించలేదు.

వీపీ9 వచ్చిన తర్వాతైనా పెద్ద అవకాశాలు రెండు వచ్చాయి. రెండూ వేరేవాళ్ళకి పోయాయి. 2016లో ఎఫ్‌బీఐ 9ఎంఎం తూటాకి తిరిగి వచ్చి గ్లాక్‌నే తీసుకుంది. 2017 జనవరిలో అమెరికా సైన్యం సిగ్ కంపెనీ పీ320ని ఎంచుకుంది. 58 కోట్ల డాలర్ల వరకూ వెళ్ళగల కాంట్రాక్టు అది. సైన్యం వాడేది అంటే చాలు, షాపుల్లో దానంతటదే కదులుతుంది. ఆ సంవత్సరమే పీ320 కింద పడితే పేలుతోందన్న ఫిర్యాదులొచ్చి, కంపెనీ ట్రిగ్గర్ భాగాలు ఉచితంగా మార్చి ఇవ్వాల్సొచ్చింది. అయినా అమ్మకాలు ఆగలేదంటే సైన్యం ముద్రకున్న బలం అర్థం చేసుకో. ఇది వీపీ9 ఒక్కదాని గోడూ కాదు. వాల్తర్ పీపీక్యూ 2011లోనే వచ్చింది. దాని ట్రిగ్గర్ అప్పట్లో ఈ తరగతిలో అన్నిటికన్నా మేలని నా అభిప్రాయం. దాన్ని మెచ్చుకోని సమీక్ష నాకు కనపడలేదు, దాన్ని పెట్టుకున్న పోలీసూ కనపడలేదు.

కంపెనీ చేతులారా చేసుకున్నవీ ఉన్నాయి. మొదటిది మ్యాగజైన్ మీట. అమెరికాలో అందరి బొటనవేలికీ ట్రిగ్గర్ వెనక గుండీ నొక్కడం అలవాటు. వీపీ9కి ట్రిగ్గర్ గార్డుకి ఆనుకుని ఉన్న మీటని కిందికి ఒత్తాలి. అలవాటైతే అదే హాయి. నాకైతే చూపుడువేలితో ఒత్తడం, పట్టు చెదరకుండా, గుండీ కంటే బాగుంటుంది. కానీ షాపులో అయిదు నిమిషాలు పట్టుకుని చూసేవాడికి అది కొత్త, కొత్త అంటే వద్దు. కొన్నేళ్ళ తర్వాత గుండీ ఉన్న రకం కూడా తెచ్చారు, వీపీ9-బీ అని. అప్పటికి ఎటువాళ్ళు అటు తేల్చేసుకున్నారు.

రెండోది రెడ్ డాట్, అంటే గురికి ఎర్ర చుక్క చూపించే చిన్న సైటు. గ్లాక్ 2015లోనే స్లైడ్ మీద రెడ్ డాట్ బిగించుకునే ఎంఓఎస్ రకం అమ్మింది. వీపీ9కి ఆ ఏర్పాటు కంపెనీ నుంచి వచ్చింది 2020లో. ఈ అయిదేళ్ళలోనే కదా జనమంతా రెడ్ డాట్‌కి మళ్ళింది! 15 తూటాల మ్యాగజైన్ 17కి పెరిగింది కూడా అప్పుడే. మంచి పనే, మరీ ఆలస్యంగా.

ధర గురించి పెద్దగా చెప్పను. మొదట్లో కంపెనీ ధర 719 డాలర్లు. అప్పుడు గ్లాక్ 19 షాపులో ఆరు వందల లోపే దొరికేది. నీలాంటివాడికి ఆ తేడా ఒక్కసారి ఇచ్చేది. మ్యాగజైన్లు అలా కాదు, అవి మళ్ళీమళ్ళీ కొనాలి, గ్లాక్ వాటితో పోలిస్తే దాదాపు రెట్టింపు పడతాయి. పైగా గ్లాక్ మ్యాగజైన్లు బయటి కంపెనీలూ చేస్తాయి, వాటితో నడిచే కార్బైన్లూ (పొట్టి రైఫిళ్ళు) ఉన్నాయి. వీపీ9కి కాస్త ఊరట ఏమిటంటే, పీ30 మ్యాగజైన్లు దీనికి సరిపోతాయి. వాడినవి కనిపిస్తే వదలకు.

రేపు కాలిఫోర్నియాకి బదిలీ అవుతావేమో కూడా ఆలోచించుకో. అక్కడ రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉన్న పిస్టళ్ళే షాపులో కొత్తగా అమ్మాలి. 2013 తర్వాత కొత్త మోడళ్ళు ఆ జాబితాలోకి ఎక్కడం ఏళ్ళ తరబడి దాదాపు ఆగిపోయింది. పాత మూడో తరం గ్లాక్ అప్పటికే లోపలుంది, 2014లో పుట్టిన వీపీ9 గుమ్మం బయట నిలబడింది. అంత పెద్ద రాష్ట్రం ఇలా చేజారితే లెక్కలు తారుమారవుతాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో పది తూటాలకి మించిన మ్యాగజైన్ కుదరదు, అదీ గుర్తుంచుకో.

ఇప్పుడు నువ్వేం చెయ్యాలో చెబుతాను. ఇంకొక్కసారి రేంజ్‌కి వెళ్ళి వీపీ9నీ, గ్లాక్ 19నీ, నువ్వు చూశానన్న మూడోదాన్నీ ఒకేరోజు, ఒకే రకం తూటాలతో కాల్చు. మొదటి మ్యాగజైన్ లెక్కలోకి తీసుకోకు. రెండో యాభై తూటాల్లో, చెయ్యి అలిసినప్పుడు, దేనితో టార్గెట్ మీద తూటాల గుంపు చెదరలేదో చూడు. ఒంటిచేత్తో, ఎడమచేత్తో కూడా కాల్చు. వీపీ9 బ్యారెల్ చేతికి గ్లాక్ కంటే కొంచెం ఎత్తులో ఉంటుంది, అందువల్ల మూతి కాస్త ఎక్కువ లేస్తుందని కొందరంటారు. నీ చేతిలో లేస్తోందో లేదో టార్గెట్టే చెబుతుంది. ఇంకెవరి మాటా వినక్కర్లేదు, నాదైనా సరే.

తేడా కనపడకపోతే గ్లాక్ తీసుకో. ఈ మాట మనసారా చెబుతున్నాను. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఏ హోల్‌స్టర్ షాపుకెళ్ళినా ఖాళీ చేతుల్తో రావు, అమ్మాలనుకుంటే వారంలో అమ్ముడుపోతుంది. తేడా స్పష్టంగా ఉంటే మాత్రం కౌంటర్ మనిషిని పక్కనపెట్టి వీపీ9 కొను. నీ ఇంటి సేఫ్‌లో ఉండే ఒక్క పిస్టల్‌కి ఎఫ్‌బీఐ కాంట్రాక్టుతో పనేముంది? నీకు కావాల్సింది ఒక మంచి హోల్‌స్టర్, నాలుగైదు మ్యాగజైన్లు, చేతికి కుదిరే పట్టు. మూడూ దీనికి దొరుకుతాయి, కాస్త వెతకాలి అంతే.

కొనేటప్పుడు 2020 తర్వాత వచ్చిన, రెడ్ డాట్ పట్టే రకమే అడుగు. ఇప్పుడు డాట్ వద్దనిపించినా సరే, నలభై దాటాక కళ్ళు ముందు సైటు మీద నిలవవు. డాట్‌కి సరిపడే ప్లేటు ఏదో, డబ్బాలో వస్తుందో విడిగా కొనాలో ముందే కనుక్కో. మీటా గుండీయా అన్నది నీ ఇష్టం. రెండేళ్ళలో ఇంకో పిస్టల్ కొనే ఆలోచన ఉంటే గుండీ తీసుకో, రెండింటికీ వేళ్ళ అలవాటు ఒకటే అవుతుంది.

ఎవరు ఎంత తక్కువకి ఇస్తామన్నా మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ కొనకు. వీపీ9లో ట్రిగ్గర్ మీద ఉన్న చిన్న నాలుక తప్ప వేలితో వేసే సేఫ్టీ లేదు. చొక్కా అంచో తాడో ట్రిగ్గర్ గార్డులోకి దూరితే ఆ నాలుకా నొక్కుకుపోతుంది. గార్డు మొత్తం కప్పే గట్టి కైడెక్స్ ప్లాస్టిక్‌ది, వీపీ9 కోసమే అచ్చు పోసినది తీసుకో. గ్లాక్ హోల్‌స్టర్‌లో వీపీ9 సర్దుకుపోతుందని ఎవరైనా అంటే ఆ షాపు నుంచి బయటికొచ్చెయ్యి. వీపీ9 హోల్‌స్టర్ చాలాచోట్ల ఆర్డరిచ్చాకే చేస్తారు, వారాలు పడుతుంది. అందుకని పిస్టల్ కంటే ముందు హోల్‌స్టర్‌కి డబ్బు కట్టు.

పలకలు మార్చేటప్పుడు చిన్న పిన్ను ఒకటి కొట్టాలి. సరైన పంచ్ లేకుండా మేకుతో కొడితే ఫ్రేమ్ గీసుకుపోతుంది. నా దగ్గర పంచ్ ఉంది. డబ్బాలో వచ్చిన పలకలన్నీ పారెయ్యకుండా తీసుకురా, రేంజ్‌కి వెళ్ళేముందు మా గరాజ్‌లో కూర్చుని నీ చేతికి అమరుద్దాం. అత్తయ్య అడిగానని చెప్పమంది. అమ్మకి ఈ సంగతి నువ్వే చెప్పు, నా నోటితో చెప్పించకు.

ఇట్లు,
మీ మావయ్య