ఇంగ్లీషులో ‘వేర్’ (where) ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

డాలస్ వచ్చిన కొత్తలో లీజింగ్ ఆఫీసుకెళ్లి, ‘ది అపార్ట్‌మెంట్ వేర్ ఐ సా యెస్టర్‌డే’ కావాలన్నాను. కౌంటర్లో ఉన్నావిడ కంగారుగా ‘సా వాట్?’ అంది. అక్కడ నాకు బొద్దింకో ఎలుకో కనిపించిందనుకుంది పాపం. నేను చూసింది అపార్ట్‌మెంట్‌నే!

ఇది ఇంగ్లీషు రాక కాదండీ, తెలుగు బాగా వచ్చి చేసే తప్పు. నేను చూసిన ఇల్లు, నేను ఉన్న ఇల్లు, నేను దిగిన రోజు, నేను రాని కారణం... మనకి అన్నిటికీ ఒకటే పద్ధతి. ఇంగ్లీషువాళ్లకి చోటైతే వేర్, కాలమైతే వెన్, కారణమైతే వై. అందుకని ఇల్లు, ఊరు అనే మాట రాగానే మనం వేర్ తగిలించేస్తాం.

నేను పట్టుకున్న చిట్కా చెప్తాను. ముందు ఆ ముక్కని విడిగా తెలుగులో అనుకోండి. ‘ఇంట్లో ఉంటున్నాను’ అని ‘లో’ వచ్చిందా, ‘ది హౌస్ వేర్ ఐ లివ్’. ‘గుడికి వెళ్లాను’ అని ‘కి’ వచ్చినా ‘వేర్’ పెట్టాలి. ‘ఇల్లు చూశాను’, ‘ఇల్లు నచ్చింది’ అంటే మాత్రం లో, కి ఏవీ లేవు కదా, అక్కడ దట్ గానీ విచ్ గానీ: ‘ది హౌస్ దట్ ఐ సా’. స్టేషన్ పక్కనున్న కొట్టు కూడా అంతే. కొట్టే పక్కనుంది కాబట్టి ‘ది స్టోర్ దట్ ఈజ్ నియర్ ది స్టేషన్’.

మనవాళ్లు ‘ది హౌస్ వేర్ ఐ లివ్ ఇన్’ అని కూడా అంటుంటారు. వేర్‌లోనే ‘లో’ ఉంది, మళ్లీ ఇన్ ఎందుకు? ‘ఇంట్లోలో’ అన్నట్టుంటుంది. వేర్ తీసేస్తే మాత్రం ఇన్ ఉండాల్సిందే: ‘ది హౌస్ ఐ లివ్ ఇన్’. ఇక్కడివాళ్ల నోట ఎక్కువ వినపడేదీ ఇదే.

వెన్, వై దగ్గర అంత గొడవ లేదు. ‘ది డే ఐ లాండెడ్’, ‘ది రీజన్ ఐ కాల్డ్’ అని వాటిని మింగేసినా ఎవరూ ఏమీ అనుకోరు. ‘ది వే హౌ’ ఒక్కటి మానుకోండి. ‘ది వే షి కుక్స్’ అనండి, లేదా ‘హౌ షి కుక్స్’ అనండి, రెండూ కలపకండి.

ఆ అపార్ట్‌మెంటే తీసుకున్నాం. మూడో నెలలో నిజంగానే బొద్దింకలు దిగాయి. ‘ది కిచెన్ వేర్ ఐ సా కాక్రోచెస్’ అని అదే కౌంటర్లో ఫిర్యాదు రాసిచ్చాను. ఈసారి ‘సా వాట్?’ అని ఎవరూ అడగలేదు.