ఏడో రౌండులో ఆట రాని ఆజానుబాహుడు: తీసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీ జట్టు ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే తంతులో, చివరిదైన ఏడో రౌండులో ఒక కుర్రాణ్ణి తీసుకుంది. ఎత్తు, వేగం, గెంతుడు అన్నీ అదుర్స్, ఆట మాత్రం అంతంత మాత్రం. ఇది తెలివైన జూదమా, పిక్ (ఎంచుకునే ఆ వంతు) దండగా అని ఎలా తేల్చుకోవాలి?

నేను ఫిలడెల్ఫియా శివార్లలో ఉంటాను, అక్కడి జట్టు ఈగల్స్ అభిమానిని. కొందరు తెలుగు స్నేహితులం కలిసి డైనాస్టీ ఫాంటసీ లీగ్ (నిజం ఆటగాళ్ళతో కాగితం మీద జట్లు కట్టి, వాళ్ళని ఏళ్ళ తరబడి అట్టేపెట్టుకునే ఆట) నడుపుతున్నాం. అందుకని ఏటా డ్రాఫ్ట్ మూడో రోజు, అంటే నాలుగో రౌండు నుంచి ఏడో రౌండు దాకా, కూర్చుని చూస్తాను. ఇలాంటి పిక్‌లను ఒక షీట్‌లో రాసిపెట్టుకుని రెండు మూడేళ్ళ తర్వాత మళ్ళీ తీసి చూసుకుంటాను. (శనివారమంతా ఎవరో పేర్లు చదువుతుంటే వింటూ కూర్చునే మనిషిని ఏమనాలో మా ఆవిడకి ఇంకా తోచలేదు.)

ఆ షీట్‌లో మొదటి గడి నలభై గజాల పరుగు టైమ్ కాదు. "ఇతనికి ఇంకా ఆట ఎందుకు రాలేదు?" అన్నది. నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే.

మన దగ్గర ఫాస్ట్ బౌలర్లను వెతికేవాళ్ళు "లైను, లెంగ్తు నేర్పొచ్చు, పేస్ నేర్పలేం" అంటారు కదా. ఇక్కడి స్కౌట్లదీ అదే మాట. మాటలో తప్పేం లేదు. కాకపోతే ఇరవై రెండేళ్ళ బౌలర్‌కి లైను రాకపోవడానికి రెండు కారణాలుండొచ్చు. నిన్నమొన్నే బంతి పట్టి ఉండొచ్చు, లేదా పదేళ్ళుగా వేస్తున్నా రాకపోయి ఉండొచ్చు. స్పీడ్ గన్ మీద ఇద్దరి అంకె ఒకటే.

మా జట్టు సంగతే తీసుకోండి. 2018లో ఈగల్స్ ఏడో రౌండులో, 233వ పిక్‌గా, జోర్డన్ మైలాటాని తీసుకుంది. అందుకోసం వేరే జట్టుతో బేరమాడి కొంచెం ముందు వంతు కూడా తెచ్చుకుంది. సిడ్నీలో సౌత్ సిడ్నీ ర్యాబిటోస్ కుర్రాళ్ళ జట్టులో రగ్బీ లీగ్ ఆడినవాడు. ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఎత్తు, 346 పౌండ్లు, అంటే దగ్గరదగ్గర 157 కిలోలు. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ అప్పటికి ఒక్కటి కూడా ఆడలేదు. నవ్వినవాళ్ళు బోలెడు మంది. కానీ "ఎందుకు రాలేదు" అన్న గడిలో అతనికి రాసుకోవలసిన జవాబు కళంకం లేనిది: ఎవరూ నేర్పలేదు కాబట్టి. నేర్పినా రానివాడని అనడానికి ఆధారమే లేదు.

అదే డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండులో, 130వ పిక్‌గా, జాష్ స్వెట్ వచ్చాడు. 251 పౌండ్ల మనిషి నలభై గజాలు 4.53 సెకన్లలో పరుగెత్తాడు. అంతటివాడు అక్కడిదాకా మిగలడానికి కారణం హైస్కూల్లో ఘోరంగా దెబ్బతిన్న మోకాలు. అంటే అక్కడ పందెం ఆట మీద కాదు, డాక్టర్ల మాట మీద. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిన రోజు ఇద్దరూ మైదానంలో ఉన్నారు. స్వెట్ ఆ ఒక్క రోజే రెండున్నర శాక్‌లు (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడం) చేశాడు.

మూడో రకం కారణం కాలేజీ జట్టు వాడకం. జార్జ్ కిటిల్ అయోవా కాలేజీ జట్టులో ఉన్నన్నాళ్ళూ కలిపి పట్టింది 48 బంతులే. ఆ జట్టు ఎక్కువగా బంతి పట్టుకుని పరుగెత్తే రకం, కిటిల్‌లాంటి టైట్ ఎండ్ (బంతి పట్టడం, ఎదుటివాణ్ణి అడ్డుకోవడం రెండూ చేసేవాడు) చేత బ్లాకింగ్, అంటే అడ్డుకునే పని, చేయిస్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో జట్టు ఫార్టీ నైనర్స్ 2017లో ఐదో రౌండులో, 146వ పిక్‌గా, అతన్ని తీసుకున్నారు. రెండో సీజన్‌కే 1,377 గజాలు సాధించాడు, అప్పటికి టైట్ ఎండ్‌లలో అదే సీజన్ రికార్డు. అతనికి ఆట రాదన్నది ఉత్త మాట, చేతికి బంతి రాలేదంతే.

ఈ మూడూ కాకుండా నాలుగేళ్ళు ఒకే పొజిషన్‌లో, మంచి కోచ్‌ల దగ్గర, వరసగా ఆడి, అయినా అంకెలు లేని కుర్రాడైతే నా షీట్‌లో అతనికి ఎర్ర రంగే. ఎంత ఎగిరినా సరే.

ఇక పొజిషన్. ఆట రాకపోవడానికి నిర్దోషమైన కారణం ఉన్నంత మాత్రాన సరిపోదు. 2016లో మిన్నెసోటా జట్టు వైకింగ్స్ ఆరో రౌండులో, 180వ పిక్‌గా, మోరిట్జ్ బోరింగర్ అనే జర్మన్ రిసీవర్‌ని (విసిరిన బంతిని పరుగెడుతూ పట్టేవాణ్ణి) తీసుకున్నారు. యూరప్ లీగ్ నుంచి నేరుగా డ్రాఫ్ట్ అయిన మొదటివాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి 4.43లో పరుగెత్తాడు. మైలాటాలాగే ఇతనికీ కాలేజీ ఫుట్‌బాల్ తెలియదు. అయినా రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే అతని కథ ముగిసింది.

ఇద్దరికీ తేడా పనిలో ఉందని నేననుకుంటాను. మైలాటాది లెఫ్ట్ టాకిల్ పని: క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌లో ఎడమ పక్క నిలబడి తన ఎదుట ఉన్నవాణ్ణి కొన్ని గజాల జాగాలో ఆపాలి. అది తేలికని కాదు, కానీ ఆ అడుగులు, ఆ చేతులు బంతి లేకుండా, క్వార్టర్‌బ్యాక్ లేకుండా రోజూ వందసార్లు చేయించవచ్చు. పైగా ఆ సైజు మనుషులు భూమ్మీద దొరకడమే అరుదు. రిసీవర్ పని వేరు. పరుగెడుతూనే డిఫెన్స్ ఏం చేస్తోందో చదవాలి, క్వార్టర్‌బ్యాక్ ఏం చదివాడో అదే తనూ చదవాలి, సరిగ్గా అదే క్షణంలో తిరగాలి. అది అసలు క్వార్టర్‌బ్యాక్‌తో కలిసి పదేపదే ఆడితేనే వస్తుంది. ఆరో రౌండు కుర్రాడికి ఆ అవకాశం ఎవరిస్తారు? అతనికి బంతి విసిరేది మూడో నంబర్ క్వార్టర్‌బ్యాక్, అతనూ రేపుంటాడో లేదో తెలియనివాడు.

జెఫ్ జానిస్ గుర్తున్నాడా? గ్రీన్ బే జట్టు ప్యాకర్స్ 2014లో ఏడో రౌండులో తీసుకున్న రిసీవర్, మంచి ఎత్తు, మంచి వేగం. 2016 జనవరిలో అరిజోనాలో జరిగిన ప్లేఆఫ్‌లో ఆఖరి నిమిషంలో 60 గజాల క్యాచ్ ఒకటి, చివరి బంతికి 41 గజాల టచ్‌డౌన్ ఒకటి పట్టి ఆటని ఓవర్‌టైమ్‌కి తీసుకెళ్ళాడు. చూస్తుంటే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ రెండూ "పైకి విసిరేస్తాను, వెళ్ళి పట్టుకో" తరహా బంతులు. అక్కడ ఒళ్ళు చాలు. మామూలు రూట్లతో (ముందే అనుకున్న పరుగు దారులతో) ఆడే ఆటలో మాత్రం అతను చివరిదాకా నిలదొక్కుకోలేకపోయాడు, స్పెషల్ టీమ్స్‌కే (కిక్‌ల సమయంలో దిగే బృందాలకే) పరిమితమయ్యాడు. మా లీగ్‌లో ఆ మ్యాచ్ తర్వాత జానిస్ కోసం జరిగిన బేరాలు చెబితే మీరు నమ్మరు.

కార్నర్‌బ్యాక్ (అవతలి రిసీవర్‌కి బంతి అందకుండా కాచేవాడు) పని ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. అక్కడ నేను జట్టు పేరు చూస్తాను. సియాటిల్ జట్టు సీహాక్స్ 2011లో ఐదో రౌండులో, 154వ పిక్‌గా, రిచర్డ్ షెర్మన్‌ని తీసుకున్నారు. స్టాన్‌ఫర్డ్‌లో రిసీవర్‌గా మొదలై కార్నర్‌గా మారినవాడు. 2022లో మళ్ళీ ఐదో రౌండులో, ఈసారి 153వ పిక్‌గా, టారిక్ వూలెన్. అతనూ కాలేజీలో రిసీవర్ నుంచి కార్నర్‌కి మారినవాడే, ఆరడుగుల నాలుగంగుళాల ఎత్తుతో 4.26 పరుగెత్తాడు. మొదటి సీజన్‌లోనే 6 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్ళు విసిరిన బంతిని తను పట్టేయడం), ఆ ఏడాది లీగ్‌లో అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేవు. రెండుసార్లూ హెడ్ కోచ్ పీట్ కారల్, పొడుగు చేతుల కార్నర్లంటే ఆయనకి ప్రాణం. ఏ రకం కుర్రాణ్ణి తయారుచేయడం తమకి వచ్చో ఆయన ఉన్నప్పటి ఆ జట్టుకి తెలుసు. మైలాటా విషయంలో అలాంటి గురువు అప్పటి లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్.

ఇప్పుడు ఖర్చు. ఏడో రౌండు పిక్‌కి ఏమంత విలువ లేదు. డ్రాఫ్ట్ అయిపోయాక మిగిలినవాళ్ళు తమకి నచ్చిన జట్టుని ఎంచుకోవచ్చు, ఆ పోటీ పడకుండా ఒకణ్ణి ముందే దక్కించుకోవడమే దాని ఉపయోగం. అసలు ధర 53 మంది రోస్టర్‌లో (సీజన్‌కి జట్టు ఉంచుకునే ఆటగాళ్ళ జాబితాలో) ఒక చోటు. మైలాటా మొదటి రెండు సీజన్లలో రెగ్యులర్ సీజన్ ఆట ఒక్కటీ ఆడలేదు, నడుం నొప్పి కూడా తోడైంది. మధ్యలో 2019లో అదే పొజిషన్‌కి ఆండ్రే డిలార్డ్‌ని మొదటి రౌండులో తెచ్చారు. 2020లో గాయాల వల్ల మైలాటాకి చోటు దొరికింది. 2021లో డిలార్డ్‌తో పోటీపడి ఆ చోటు సొంతం చేసుకున్నాడు, ఆ సెప్టెంబరులోనే నాలుగేళ్ళకి 6.4 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. ఇక్కడొక మెలిక ఉంది. డ్రాఫ్ట్ అయినవాళ్ళ మొదటి ఒప్పందం నాలుగేళ్ళే. నేర్చుకోవడానికే మూడేళ్ళు పోతే చవకగా ఆడించుకోవడానికి మిగిలేది ఒక్క ఏడాది. 2018లో అప్పుడే సూపర్ బౌల్ గెలిచి ఉన్న ఈగల్స్‌కి ఆగే ఓపిక ఉండింది. కోచ్ కుర్చీ ఊగుతున్న జట్టు ఇదే పిక్ చేస్తే నాకు నమ్మకం కలగదు. కుర్రాడు తయారయ్యేసరికి తీసుకున్నవాళ్ళెవరూ అక్కడుండరు.

కొలతల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఇండియానాపోలిస్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు అన్ని జట్ల ఎదుట జరిగే పరీక్షల్లో) తీసిన టైమ్‌కీ, సొంత కాలేజీలో అలాంటివే పెట్టే ప్రో డేలో చేతి వాచీతో తీసిన టైమ్‌కీ ఒకే విలువ ఇవ్వకండి. లైన్‌మన్‌కైతే నలభై గజాలు మర్చిపోయి మొదటి పది గజాలు, చేతుల పొడవు చూడండి.

ఇక మీ కుర్రాడి సంగతి. ఆగస్టులో ప్రీసీజన్ మ్యాచ్‌ల నాలుగో క్వార్టర్ రికార్డ్ చేసి, బంతిని వదిలేసి అతన్నే చూడండి. 2018లో మేం టీవీ ముందు మైలాటా పాదాలు చూస్తూ కూర్చున్నాం. బయటినుంచి చుట్టి వచ్చేవాడికి ఒక అడుగు ఆలస్యమయ్యేవాడు గానీ, చెయ్యి తగిలిందంటే అవతలివాడు అక్కడే ఆగిపోయేవాడు. మొదటివారం చేసిన తప్పే మూడోవారమూ చేస్తున్నాడా, కొత్త తప్పు చేస్తున్నాడా గమనించండి. కొత్త తప్పైతే నేను సంతోషిస్తాను.

ఆగస్టు చివర్లో రోస్టర్‌ని 53కి కుదిస్తారు. అతన్ని తీసేస్తే వేవర్స్‌కి (వదిలేసినవాళ్ళని మిగతా జట్లు అడగగల జాబితాకి) వెళ్తాడు, ఏ జట్టైనా తన 53లో చోటిచ్చి ఎత్తుకుపోవచ్చు. ఎవరూ అడగకపోతే మీ జట్టు ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి (53కి బయట సాధన కోసం ఉంచుకునే బృందంలోకి) రావచ్చు. ఆ రిస్క్ వద్దనుకుని, ఆదివారాలు ఆడించకపోయినా 53లోనే ఉంచుకున్నారంటే, లోపల రోజూ చూస్తున్నవాళ్ళకి ఏదో కనిపించిందన్నమాట. మీ కుర్రాడి పొజిషన్ ఏంటో, కాలేజీలో ఎన్నేళ్ళు ఆడాడో కింద రాయండి, నా షీట్‌లో ఏ రంగు వేస్తానో చెబుతాను.