బూస్ట్ కన్వర్టర్‌కి పీఐ బదులు ఫజ్జీ పెడితే హార్డ్‌వేర్‌లో మెరుగ్గా ఉంటుందా?

ఎంటెక్ ప్రాజెక్టుకి 12 వోల్టులను 24కి పెంచే బూస్ట్ కన్వర్టర్ తీసుకున్నానని, సిమ్యులేషన్‌లో పీఐ (ఎర్రర్‌నీ, అంటే కావలసిన వోల్టేజీకీ ఉన్నదానికీ తేడానీ, దాని కూడికనీ స్థిరమైన గుణకాలతో సరిచేసే మామూలు కంట్రోలర్) కన్నా ఫజ్జీ ('తేడా ఎక్కువైతే గట్టిగా తొయ్యి' లాంటి మాటల రూల్స్‌తో నడిచేది) ఎంతో బాగుందని, బోర్డు మీదా అలాగే ఉంటుందా అని అడిగారు. నేనూ ఇదే ప్రాజెక్టు చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణే. అంత బాగా ఉండదు. అలాగని మానుకోమనీ అనను.

ముందు మీ పీఐని ఎలా ట్యూన్ చేశారో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. నేనైతే పీఐకి పది నిమిషాలు, ఫజ్జీకి రెండు నెలలు పెట్టాను. ఫజ్జీ గెలవక ఏం చేస్తుంది? తర్వాత బోడ్ ప్లాట్ (ఫ్రీక్వెన్సీని బట్టి స్పందన ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) వేసి పీఐని పద్ధతిగా సరిచేస్తే తేడా చాలావరకు కరిగిపోయింది. ఎర్రర్‌నీ, దాని మార్పునీ చూసి డ్యూటీని (ఒక్కో సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వంతుని) కొంచెం కొంచెంగా జరిపే ఫజ్జీ అంటే, గెయిన్ (ఎర్రర్‌కి ఎంత గట్టిగా స్పందించాలన్న గుణకం) సందర్భాన్ని బట్టి మారే పీఐయే. దూరంగా ఉంటే గట్టిగా తోస్తుంది, దగ్గరికొస్తే మెత్తబడుతుంది. లోడ్ ఒక్కసారిగా మారినప్పుడు అది పనికొస్తుంది, నిజమే. కానీ డ్యూటీ పెంచగానే అవుట్‌పుట్ ముందు కాస్త పడి ఆ తర్వాతే పెరగడమన్నది బూస్ట్ పుట్టు గుణం. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఇండక్టర్ కరెంటు కెపాసిటర్ వైపు పోదు కదా, దాన్ని ఫజ్జీ కూడా మార్చలేదు.

ఇక నా బోర్డు సంగతి. 72 మెగాహెర్ట్జ్ మైక్రోకంట్రోలర్, 100 కిలోహెర్ట్జ్ స్విచ్చింగ్. ఆన్ చేస్తే వోల్టేజీ 24 దగ్గరికైతే వచ్చింది గానీ ఇండక్టర్ కీచురాయిలా అరవడం మొదలెట్టింది. స్కోప్‌లో అవుట్‌పుట్ ఊగుతోంది. రూల్స్ తప్పనుకుని 49 గడుల రూల్స్ పట్టికని (ఎర్రర్‌కి ఏడు, దాని మార్పుకి ఏడు స్థాయిలు) వారం రోజులు అటూ ఇటూ మార్చాను, దండగ. 72 మెగాని 100 కిలోతో భాగిస్తే 720, అంటే డ్యూటీకి ఉన్నవి 720 మెట్లే. డ్యూటీ 0.5 దగ్గర ఒక్కో మెట్టుకీ అవుట్‌పుట్ సుమారు 67 మిల్లీవోల్టులు కదులుతుంది. వోల్టేజీని అంకెగా మార్చే 12 బిట్ల ఏడీసీయేమో, అవుట్‌పుట్‌ని పదో వంతుకి తగ్గించే డివైడర్‌తో 8 మిల్లీవోల్టుల తేడానీ పట్టేస్తోంది. కన్ను చురుకు, చెయ్యి మొద్దు అన్నమాట. ఏ మెట్టు మీదా కుదురుగా నిలవలేక ఊగుతోంది. పీఐ పెట్టినా ఈ గొడవ వచ్చేదే.

స్విచ్చింగ్‌ని 20 కిలోహెర్ట్జ్‌కి దించితే 3600 మెట్లు, ఒక్కోటీ 13 మిల్లీవోల్టులు. ఇండక్టర్ పెద్దదవుతుంది, కోఠి గుజరాతీ గల్లీలో కోర్ కొని చేత్తోనే చుట్టుకున్నా. ఎర్రర్ ఎంత మేరకు 'సున్నా', 'చిన్న', 'పెద్ద' అన్నది ఫజ్జీలో త్రిభుజాలతో చెబుతాం. దాంతోపాటు వాటిలో జీరో త్రిభుజం కొస కోసేసి, అటూ ఇటూ 20 మిల్లీవోల్టుల మేర చదునుగా ట్రెపిజాయిడ్ చేశాను. పక్క త్రిభుజాలు ఆ అంచు నుంచే మొదలవుతాయి. ఊగడం ఆగింది, అరుపూ పోయింది.

రూల్స్ మీద జుట్టు పీక్కోకండి. ఫలితాన్ని తేల్చేవి ఎర్రర్, మార్పు, అవుట్‌పుట్‌ల స్కేలింగ్ ఫ్యాక్టర్లు (వాటిని గుణించే అంకెలు). నేను చివరికి 25 రూల్స్‌తో సరిపెట్టాను. పక్కపక్క త్రిభుజాలు రెండేసి మాత్రమే కలిసేలా ఉంటే ఏ క్షణంలోనైనా నాలుగు రూల్స్‌కి మించి పనిచేయవు, ఆ నాలుగే లెక్కకట్టండి. చివరి జవాబుకి ఆకారాల సెంట్రాయిడ్ (గురుత్వ కేంద్రం) వెతికే బదులు, ఒక్కో రూల్‌కీ ఒక్కో అంకె (సింగిల్‌టన్) పెట్టి వాటి వెయిటెడ్ యావరేజ్ తీస్తే చాలు.

వైవాలో 'ఇక్కడ ఫజ్జీ ఎందుకు?' అని తప్పకుండా అడుగుతారు. జాదే 1965లో ఫజ్జీ సిద్ధాంతం చెప్పాక, 1970లలో లండన్‌లో మమ్దానీ దాన్ని చిన్న ఆవిరి యంత్రం మీద పెట్టింది, సమీకరణాల కన్నా ఆపరేటర్ అనుభవం మీద నమ్మకంతో. మన బూస్ట్‌కి 1976లోనే మిడిల్‌బ్రూక్, చూక్ చక్కటి యావరేజ్ మోడల్ (స్విచ్చింగ్‌ని సగటు చేసి రాసిన సమీకరణాలు) ఇచ్చేశారు. కాబట్టి 'మోడల్ తెలియదు' అన్న జవాబు చెల్లదు, లోడ్ మార్పుల్లో నాన్‌లీనియర్ గెయిన్ ఏం మేలు చేసిందో కొలిచి చూపించండి.

ఒక్క జాగ్రత్త. ఓ రోజు నా ఫీడ్‌బ్యాక్ వైరు ఊడింది. ఏడీసీ సున్నా చూపించింది, ఫజ్జీ డ్యూటీని పెంచుకుంటూ పోయింది, చివరికి స్విచ్ అసలు ఆఫ్ అవ్వక సప్లై మొత్తం ఇండక్టర్ గుండా షార్టయి మాస్‌ఫెట్ (ఆ స్విచ్చే) పొగలు కక్కింది. ల్యాబంతా రెండు గంటలు ఆ కంపే. డ్యూటీకి 0.65 దగ్గర పరిమితి, ఏడీసీ మరీ తక్కువ చూపిస్తే పీడబ్ల్యూఎం (స్విచ్‌ని నడిపే పల్సులు) ఆపేసే షరతు, ఈ రెండు లైన్లూ ఫజ్జీ కోడ్ కన్నా ముందే రాసిపెట్టుకోండి.