రేటు పలికితే ఇస్తానన్న మొక్కు గురించి

చిరంజీవి అల్లుడికి, మామయ్య దీవెనలు.

కోల్డ్ స్టోరేజీలో ఉన్న తేజా రకం మిర్చికాయకు అనుకున్న రేటు పలికితే మన చర్చికి, అదే గుడికి, 50,000 ఇస్తానని మొక్కుకున్నావట. దాంతో దేవుడి దగ్గర నీ రక్షణ సంగతి తేలిపోతుందా అని అడిగావు. తేలదు. ముందు ఆ లెక్క సరిచేసుకో.

హమాలీ మిర్చి టిక్కీ (బస్తా) దించాడు, కూలి ఇచ్చావు. అందులో నీ దయేముంది? నువ్వు పడ్డ బాకీ అది. రోమా పత్రిక 4:4లో పౌలు పట్టుకున్నది ఈ తేడానే: పనిచేసినవాడికి వచ్చేది జీతం, దాన్ని కృప అనరు. రక్షణను జీతం పద్దులో రాసుకున్నావంటే దేవుణ్ణి నీ బాకీదారుణ్ణి చేసినట్టే. ఎఫెసీ 2వ అధ్యాయం 8, 9, 10 వచనాలు కలిపి చదువు. రక్షణ దేవుని వరం, క్రియల వల్ల వచ్చింది కాదు అంటాయి మొదటి రెండూ. సత్క్రియలు చేయడానికే మనల్ని సృష్టించాడంటుంది పదోది. మనవాళ్లలో కొందరు 9 దగ్గర ఆగి చేతులు ముడుచుకుంటారు, ఇంకొందరు 10 ఒక్కటే పట్టుకుని కూలి లెక్కేస్తారు.

డబ్బుతో కొనబోయినవాళ్లు నీకంటే ముందే ఉన్నారులే. సమరయలో గారడీ సీమోను అపొస్తలుల ముందు డబ్బు పెట్టి చీవాట్లు తిన్నాడు. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ 95 వాదాలు రాసింది పాపపరిహార పత్రాల అమ్మకం మీదే. ఆ లూథరన్ బోధ పట్టుకునే అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. అయినా కానుకగా వెయ్యి విత్తితే లక్ష కోస్తావనే మాట ఈ ఊళ్లో ఇంకా చెల్లుబాటవుతోంది. దాని జోలికి పోకు.

లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి నిదానంగా చదువు. ఇంటికొస్తానని యేసు అన్నది ముందు, జక్కయ్య డబ్బు మాట ఎత్తింది తర్వాత. సగం ఆస్తి బీదలకిస్తానని ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. లేవీయకాండం 6వ అధ్యాయం లెక్కన అసలుకు ఐదోవంతు కలిపితే సరిపోయేది. నాలుగింతలంటే గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడికి వేసే జరిమానా. దాన్ని తన నెత్తిన తానే వేసుకున్నాడు, ఎవరూ అడగలేదు.

నీ వ్యాపారంలో ఇది ఎక్కడ తగులుతుందో నీకూ తెలుసు. మచ్చు (నమూనా) పేరుతో బస్తాలోంచి తీసిన కాయ, కాటా దగ్గర కోసిన తరుగు, వాయిదాలేసి ఇచ్చిన రైతు డబ్బు. కానుక కవరు నింపే ముందు వీటిని తీర్చు. రైతు సొమ్ము కానుక సంచిలో పడ్డా రైతు సొమ్మే.

ఇక ఎంత ఇవ్వాలంటావా? అమ్మకం మొత్తం మీద లెక్క వేసుకుని బెదిరిపోకు. ఖర్చులు పోను నీకు మిగిలినదాని మీద చూసుకో. నెలకు 40,000 మిగిలితే పదోవంతు 4,000. పది శాతం ఇవ్వాలన్న ఆజ్ఞ కొత్త నిబంధనలో సంఘానికి ఎక్కడా లేదు, మొదలుపెట్టేవాడికి మాత్రం అది మంచి కొలత. నెలాఖరున మిగిలింది ఇద్దామంటే ఏమీ మిగలదు. అందుకే పౌలు కొరింథువాళ్లకు వారం వారం తీసి పెట్టుకోమన్నాడు. వారానికి 1,000 ఒక డబ్బాలో వేసిపెట్టు. అంతా గుడికే పోనక్కర్లేదు. ద్వితీయోపదేశకాండం 14లో మూడో ఏటి దశమభాగం (పదోవంతు) గుడి సేవ చేసే లేవీయుడితో పాటు పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాలికి కూడా పెట్టమంది. హమాలీ ఇంట్లో జబ్బు చేస్తే ఆ డబ్బాలోంచే తియ్యి. శిలాఫలకం మీద పేరు వద్దు.

అప్పు చేసి మాత్రం ఇవ్వకు. 50,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,000, ఏడాదికి 12,000. అది పిల్లల బడి ఫీజులోంచే పోతుంది. ఉన్నదాన్ని బట్టే ఇవ్వమని 2 కొరింథీ 8:12లో ఉంది.

మొక్కు మొక్కావు కాబట్టి నోటిమాట తప్పకు. రేటు పలికితే కృతజ్ఞత కానుకగా ఇవ్వు. పలక్కపోయినా నీ రక్షణలో పైసా తరుగు రాదు.

కోల్డ్ స్టోరేజీలో పెట్టడం తప్పని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకో. బయటుంటే కాయ రంగు పోతుంది మరి. లూకా 12లో ధనవంతుడు కొట్లు పెద్దవి కట్టుకుంటానన్నాడు. అతని మాటల్లో నా పంట, నా కొట్లు, నా ప్రాణం తప్ప ఇంకో మనిషి లేడు, చిక్కంతా అక్కడుంది. పడుకునే ముందు ఫోన్లో చివరగా చూసేది రేట్లేనా? వారం రోజులు గమనించుకో.

ఎండాకాలం మిర్చి యార్డుకు సెలవులిచ్చినప్పుడు ఎఫెసీ పత్రిక రోజుకో అధ్యాయం చదువు, ఆరు రోజుల పని. కృపా మహదైశ్వర్యం, మహిమైశ్వర్యం, క్రీస్తు ఐశ్వర్యం, ఇలా 1, 2, 3 అధ్యాయాల్లో ఐశ్వర్యమన్న మాట ఐదుచోట్ల తగులుతుంది. పెన్సిల్‌తో గీత గీసుకో. రాసినవాడు అప్పుడు ఖైదులో ఉన్నాడని గుర్తుపెట్టుకుని చదువు.

ఆ బైబిలు తీసుకుని ఇంటికి రా. రైతులకు తిరిగివ్వాల్సిన పద్దు కూడా రాసి తే.

మీ మామయ్య